మాటలేని సంగీతముతో చెలిమి



హైదరాబాదు మహానగరమున అమీరుపేటకును యూసఫ్‌గూడకును నడుమ వెంగళరావు నగర్ అను మా పేట కలదు. 1973 మొదలు 1978 వరకు ఆంధ్రప్రదేశ్ ముఖ్యమంత్రిగా నుండిన జలగం వెంగళరావుగారి పేరు వహించిన ఈ పేటనుండి పడమటి దిక్కుగా సాగిపోయినచో, కృష్ణానగర్ దాటి, జూబిలీ హిల్స్ కొండలను, ఫిల్మ్ నగర్‌ను చేరుకొనవచ్చును. పేటకు చేరువనే సారథి స్టూడియో కలదు; తెలుగు చిత్రములు దాదాపు అన్నియు మదరాసులోనే పురుడు పోసుకొనుచుండిన దినములలో, 1959లో విడుదలయిన ‘మా ఇంటి మహాలక్ష్మి’ ఈ స్టూడియోలో రూపొందినది. 1970వ దశకపు నడుమ అక్కినేని నాగేశ్వరరావుగారు బంజారా హిల్స్‌లో అన్నపూర్ణ స్టూడియోను నెలకొల్పిన పిదప, పరిశ్రమ క్రమక్రమముగా ఇచ్చటికి తరలివచ్చి ఈ కొండలపైననే స్థిరపడినది. ఆ కొండలపై భవనములు కట్టుకొన్నవారి పేర్లు లోకమునకు తెలియును. కొండల దిగువన మా పేటలోను, కృష్ణానగర్‌లోను అద్దె గదులలో కాపురముండి, కూర్పుగదులలోను, డబ్బింగు థియేటర్లలోను, శబ్దమిశ్రమము చేయు చీకటి గదులలోను రేయింబవళ్లు పనిచేయువారి పేర్లు మాత్రము చిత్రము చివర తెరపై పరుగెత్తి మాయమైపోవును. నేను ఈ సాయంకాలము చెప్పదలచినది, అట్టివారి ఇరుగుపొరుగున నివసించుట చేత నాకు లభించిన యొక సంగీతానురాగమును గూర్చి.

మన తెలుగువారి సంగీతాభిరుచి ప్రధానముగా సాహిత్యాశ్రయము. ఒక పాట బాగున్నదని ఎవరైన అన్నచో, వ్రాసినవారెవరు, పాడినవారెవరు అని అడుగుట మన మొదటి మర్యాద. అన్నమయ్య పదము మొదలు త్యాగయ్య కృతి వరకు, రంగస్థల పద్యము మొదలు చలనచిత్ర గీతము వరకు, మాట ముందు నడచుచుండగా స్వరము దాని వెంట నడచుట మనకు తరతరముల అలవాటు. ఇది మన లోపమని నేననను; పద్యమును రాగముతో కలిపి వినుటలోని సౌఖ్యము మన జాతి సంపాదించుకొన్న మహాభాగ్యములలో నొకటి. అయినను ఆ అలవాటు వలన ఒక సంగతి మన చెవికి దూరమైనది. మాట లేనిచోట సంగీతమునకు స్వతంత్రమైన జీవితము కలదని మనము విద్వత్సభలో ఒప్పుకొందుము గాని, ఇంటికి వచ్చి ఒంటరిగా కూర్చుండి వినునపుడు ఆ జీవితమును వెదకికొనము.

చలనచిత్ర పరిశ్రమలో ఈ సంగతి మరింత స్పష్టముగా కనబడును. చిత్రీకరణము, కూర్పు, డబ్బింగు ముగిసిన తరువాత, రీలు వెంబడి రీలు తెరపై వేసి చూచుచు, ఏ సన్నివేశమున ఏ వాద్యము ఎన్ని సెకండ్లు పలుకవలెనో సంగీతదర్శకుడు నిర్ణయించి, వాద్యకారులచేత వాయింపించి ముద్రించు కార్యమునకు రీరికార్డింగు అని పేరు. పరిశ్రమవారు దానిని ఆర్.ఆర్. అని వ్యవహరింతురు. ప్రేక్షకుని కంట నీరు తెప్పించునది, గుండె దడ పుట్టించునది పెక్కుసారులు ఈ ఆర్.ఆర్.యే. అయినను దాని ధర్మము సేవకధర్మము. పాత్ర నోరు తెరచినంతనే వయొలినులు తగ్గవలెను; దృశ్యము మారినంతనే, భావము సగములో నున్నను, స్వరము ఆగవలెను. ప్రేక్షకుడు తాను సంగీతము వినుచున్నట్లు గ్రహింపకుండుటయే అచ్చట పనితనమునకు గీటురాయి.

మా యింటి పైయంతస్తులో నివసించు నొక యువకుడు ఇట్టి శబ్దమిశ్రమము చేయు స్టూడియోలో పనిచేయుచుండెను. రాత్రి బహు ప్రొద్దుపోయి ఇల్లు చేరి, పగలంతయు సంభాషణలు, కత్తుల శబ్దములు, కారుల శబ్దములు విని అలసిన చెవులకు విశ్రాంతిగా ఏదో సంగీతము పెట్టుకొని మేడపై కూర్చుండుట అతని అలవాటు. అలసిన చెవికి నిశ్శబ్దము గాక మరల సంగీతము విశ్రాంతి యెట్లగునని నేను అడిగితిని. అతడు బదులు చెప్పక హెడ్‌ఫోన్లు నా చేతికిచ్చి, మధ్యలో తీయవద్దని మాత్రము కోరెను. ఆ రాత్రి నేను విన్నది, అమెరికాలోని టెక్సస్ రాష్ట్రమునకు చెందిన ఎక్స్‌ప్లోజన్స్ ఇన్ ది స్కై అను బృందము 2003లో వెలువరించిన ‘ది ఎర్త్ ఈజ్ నాట్ ఎ కోల్డ్ డెడ్ ప్లేస్’ అను ఆల్బములోని మొదటి రచన. స్పృహ తప్పినవాడు తెలివి వచ్చి తీసికొను తొలి శ్వాస అను అర్థమిచ్చు పేరు దానికి పెట్టినారు.

మొదట ఒక గిటారు పైస్థాయిలో ఒకే స్వరమును ఎడము లేక మీటుచుండును. కొంతసేపటికి పెద్ద డ్రమ్ము, గుండె కొట్టుకొను తీరున, లోపలినుండి మెల్లగా పలుకనారంభించును. రెండవ గిటారు చిన్న పలుకు నొకదానిని చేర్చును. మూడవది ఆ పలుకునకు బదులు చెప్పును. ఎవరును పాడరు. పాడబోవుచున్నారని ఎదురుచూచు చెవికి, కొంత కాలము గడచిన మీదట, ఇక పాడరని తెలియును. తెలిసిన ఆ క్షణముననే వినికిడి స్వభావము మారిపోవును. పాటకు ముందుమాటగా భావించిన భాగమే అసలు విషయమని గ్రహించిన చెవి, గిటారులు మూడింటిని వేరువేరుగా గుర్తించుటకు, వాని నడుమ నున్న దూరమును కొలుచుటకు, డ్రమ్ముపై పుల్ల తగులుటకును చేతి బరువు పడుటకును గల భేదమును పోల్చుటకు పూనుకొనును. తొమ్మిది నిమిషములకు పైబడిన ఆ రచనలో స్వరములు ఒకదానిపై నొకటి పేరుకొని, ఎగసి, విరిగి, మరల లేచును. అది ముగిసిన పిదప నాకు కలిగిన భావము దుఃఖమో సంతోషమో నిర్ణయించుకొనలేకపోతిని. హెడ్‌ఫోన్లు తిరిగి ఇయ్యక రెండవ రచనను కూడ వింటిని.

ఈ జాతి సంగీతమునకు పోస్ట్‌రాక్ అని పేరు. 1994లో బార్క్ సైకోసిస్ అను ఆంగ్లేయ బృందపు ‘హెక్స్’ ఆల్బమును సమీక్షించుచు సైమన్ రెనాల్డ్స్ అను విమర్శకుడు ఈ పేరును ప్రచారములోనికి తెచ్చెను. గిటారు, బాసు, డ్రమ్ములు అను రాక్ వాద్యములనే తీసికొని, రాక్ సంగీతము చేయని పనులను వానిచేత చేయించుట ఇందలి లక్షణమని అతని భావము. అయితే పేరు పుట్టుటకు ముందే సంగీతము పుట్టినది. లండనులో టాక్ టాక్ అను బృందము 1980వ దశకమున జనరంజకములైన పాటలతో పేరు గడించి, ఆ కీర్తి తెచ్చిపెట్టిన ధనమును, తీరికను వినియోగించి, 1988లో ‘స్పిరిట్ ఆఫ్ ఈడెన్’ అను విచిత్రమైన ఆల్బమును చేసినది. బృందనాయకుడు మార్క్ హోలిస్ స్టూడియోలో దీపములు దాదాపు ఆర్పివేయించి, వాద్యకారులచేత గంటల తరబడి మనోధర్మముగా వాయింపించి, దానిలోనుండి కొద్ది కొద్ది పలుకులను ఏరి కూర్చి ఆ రచనలను నిర్మించెనని అందు పాల్గొన్నవారు చెప్పియున్నారు. ఏరిన పలుకుల నడుమ అతడు నిశ్శబ్దమునకు సమానమైన ఆసనము వేసెను. అమ్మకములో ఆ ఆల్బము మునుపటివానికి సాటి రాలేదు. నేడు ఈ మార్గమున నడచువారందరును దానికి నమస్కరించియే బయలుదేరుదురు.

అమెరికాలో లూయివిల్ నగరపు యువకులు స్లింట్ అను పేరుతో 1991లో వెలువరించిన ‘స్పైడర్‌ల్యాండ్’, షికాగోలో టార్టస్ బృందము 1996లో ఇరువది నిమిషముల రచనతో ఆరంభించిన ఆల్బము, స్కాట్‌లండులోని గ్లాస్గోలో 1995లో పుట్టిన మోగ్వై బృందపు తొలి ఆల్బము ‘యంగ్ టీమ్’ ఈ మార్గమునకు వేరువేరు తోవలు వేసినవి. టార్టస్‌వారు వైబ్రఫోను, మరింబా వంటి లోహపు పలకల, కొయ్యపలకల వాద్యములను గిటారులతో సమానముగా కూర్చుండబెట్టిరి. మోగ్వైవారు గుసగుస వంటి మందస్వరమునుండి కర్ణకఠోరమైన గర్జనకు ఒక్క గంతులో చేరుట తమ ముద్రగా చేసికొనిరి. అయినను ‘యంగ్ టీమ్’ చివర నున్న పదునారు నిమిషముల రచనలో ఆ గర్జన నడుమ వేణువు పలుకుట వినినవారికి, గట్టిదనమును కోమలత్వమును శత్రువులు కావని తెలియును.

చలనచిత్రముల నడుమ నివసించు నాకు మిక్కిలి ఆలోచన కలిగించినది మాత్రము కెనడాలోని మాంట్రియల్ నగరపు బృందము, గాడ్‌స్పీడ్ యూ! బ్లాక్ ఎంపరర్. వయొలిను, సెల్లో, అనేక గిటారులు, రెండు డ్రమ్ముల సెట్లు కలిగిన ఈ పెద్ద బృందము 2000లో వెలువరించిన జంట ఆల్బములో నాలుగే రచనలు కలవు. ఒక్కొక్కటి సుమారు ఇరువది నిమిషములు. వీరు సభలో వాయించునపుడు వేదికపై దీపములు తగ్గించి, వెనుక తెరపై 16 మిల్లీమీటర్ల ఫిల్ము ముక్కలను ప్రొజెక్టరులతో ఆడింతురు. పాడుబడిన భవనములు, రైలుపట్టాలు, గీతలు పడిన అక్షరములు అందు కదలుచుండును. ఫిల్ము నడుపు మనిషి వాద్యములను వినుచు ఏ ముక్క ఎపుడు వేయవలెనో, ఎంతసేపు నిలుపవలెనో నిశ్చయించుకొనును. మా కొండలపై థియేటరులో బొమ్మ ముందు నడచును, సంగీతము దానిని అనుసరించును. అచ్చట సంగీతము ముందు నడచును, బొమ్మ దానిని అనుసరించును. ఈ తారుమారును తెలిసికొన్న దినమున, నేపథ్యమని మనము వెనుకకు నెట్టిన సంగీతమునకు ముందువరుసలో కూర్చుండు యోగ్యత పూర్తిగా కలదని నాకు రూఢి అయినది.

ఐస్‌లండు దేశపు సిగుర్ రోస్ బృందము ఈ మార్గమును మరొక అంచునకు కొనిపోయినది. వీరి గాయకుడు యోన్సీ విద్యుద్గిటారు తంత్రులపై సెల్లో కమాను నడుపును. గిటారునకు సహజముగా లేని దీర్ఘనాదము దానివలన పుట్టి, మంచు కప్పిన మైదానముపై గాలి వీచినట్లు సాగును. 2002లో వెలువరించిన ఆల్బమునకు వీరు మాటలతో పేరు పెట్టలేదు. రెండు కుండలీకరణములను మాత్రము అట్టపై నిలిపి, నడుమ చోటును ఖాళీగా వదలిరి. అందలి ఎనిమిది రచనలకును మొదట పేర్లు లేవు. లోపలి పుస్తకమున అక్షరము లేదు. గాయకుడు పాడినది ఏ దేశపు భాషయు కాదు, అర్థము లేని అక్షరముల వరుస. త ద రి న అను అక్షరములతో సాగు మన రాగాలాపన వినిన చెవికి ఇది వింత కాదు. గాత్రమును ఒక వాద్యముగా మలచుట మన గాయకులకు పుట్టుకతో వచ్చిన విద్య. సముద్రములకు ఆవల, మన సంగీతముతో సంబంధము లేని యువకులు తమ దారిన తాము నడచి అదే తావునకు చేరుకొనిరి.

ఇంతటి విశాలత్వము నలుగురైదుగురు మనుష్యుల చేతులలోనుండి ఎట్లు పుట్టుచున్నదని నేను మా పైయంతస్తు యువకుని అడుగగా, అతడు ఓపికతో వివరించిన సంగతులను క్లుప్తముగా మనవి చేసెదను. గోల్కొండ కోటలో ఫతే దర్వాజా గుమ్మటము క్రింద నిలిచి చేతులు చరచినచో, ఆ శబ్దము దాదాపు కిలోమీటరు దూరమున కొండకొమ్మున నున్న బాలాహిస్సారులో వినబడుట మనమందరము ఎరుగుదుము. ధ్వని దేనికి తగిలి ఎట్లు తిరిగివచ్చునో తెలిసిన శిల్పులు ఆ కట్టడమును కట్టిరి. నేటి గిటారు వాద్యకారుడు పాదముల చెంత నుంచుకొను చిన్న డిలే పెట్టె ఆ విద్యనే విద్యుత్తుతో చేయును. ధ్వని గాలిలో సెకండునకు సుమారు 340 మీటర్లు ప్రయాణము చేయును. కావున మీటిన స్వరమును అరసెకండు ఆలస్యముగా ఆ పెట్టె తిరిగి పలికించినపుడు, 85 మీటర్ల దూరమున ఒక కొండగోడ నిలిచియున్నట్లు చెవి భ్రమించును. ఆలస్యమును పెంచినచో గోడ దూరము జరుగును. తగ్గించినచో దగ్గరకు వచ్చును. ఒక గిటారునకు దగ్గరి గోడను, మరొక గిటారునకు దూరపు గోడను ఇచ్చి, తాళమునకు సరిపోవునట్లు ఆ ఆలస్యములను అమర్చినపుడు, ముగ్గురు వాద్యకారులు ఒక పల్లపు నేలను, దాని చుట్టు కొండల వరుసను, పైన ఆకాశమును చెవిలో నిర్మింపగలరు. మూడు గదుల వాటాలో, ప్రక్కింటి గోడ చేతికందునట్లు నివసించు మా పేటవానికి, ఈ సంగీతము మొదట ఇచ్చు సౌఖ్యము ఈ దూరమే.

దానిపై మరికొన్ని పనితనములు చేరును. మీటుబిళ్లతో తంత్రిని అతివేగముగా పైకిని క్రిందికిని మీటి, విడివిడి స్వరములు కలసిపోయి ఒకే ధారగా వినబడునట్లు చేయుదురు. మీటిన తరువాత ధ్వనిని సున్ననుండి మెల్లగా పెంచి, మీటు దెబ్బ వినబడకుండ నాదము మాత్రము ఉదయించునట్లు చేయుదురు. ఒక చిన్న పలుకును యంత్రములో నిలిపి, అది తనంత తాను తిరుగుచుండగా, దానిపై మరియొక పలుకును, దానిపై ఇంకొక దానిని పేర్చుదురు. ఇవి కేవలము యంత్రపు గారడీలని కొందరు తలంతురు. వీణకు బుర్ర యేల, తంబురకు జీవా దారము యేల అని ప్రశ్నించుకొన్నచో సమాధానము తెలియును. నాదమును పెంచుటకు, నిలుపుటకు, దాని అంచులను మెరయించుటకు మనిషి ప్రతి యుగమునను చేతికందిన సాధనమును వినియోగించుకొనెను.

మన రాగాలాపనకును ఈ సంగీతమునకును పోలిక చూచుట సులభము. భేదము చూచుట అంతకంటె ఉపయోగకరము. ఆలాపనలో విద్వాంసుడు మంద్రమున మొదలుపెట్టి, రాగపు జీవస్వరములను ఒక్కటొక్కటిగా పరిచయము చేయుచు, తారస్థాయికి చేరి, మరల దిగివచ్చును. అచ్చట పెరుగునది రాగమును గూర్చిన మన ఎరుక. ప్రతి సంచారమును వెనుకటి సంచారమునకు క్రొత్త చేర్పు. పోస్ట్‌రాక్‌లో పలుకు ప్రాయికముగా మారదు. నాలుగు స్వరముల చిన్న వరుసయే ఎనిమిది నిమిషములు తిరుగాడుచుండును; మారునది దాని పరిసరము. అదే పలుకు మొదట ఒంటరిగా వినబడినపుడు బేలతనముగా తోచి, నడుమ బాసు వచ్చి క్రిందనుండి మోసినపుడు ధైర్యముగా తోచి, చివర డ్రమ్ములు ముంచెత్తినపుడు అదే విజయముగా తోచును. మనిషి బ్రతుకులో సంఘటన ఒకటియే యైనను, దాని చుట్టు ఎవరు నిలిచినారన్న దానినిబట్టి దాని అర్థము మారుట మనకు అనుభవమే గదా! ఈ రెండు పద్ధతులును రెండు సత్యములను చెప్పుచున్నవి. ఒకదానిని ప్రేమించుటకు రెండవదానిని తక్కువ చేయనక్కరలేదు.

రసనిష్పత్తిని గూర్చి మన ఆలంకారికులు చెప్పిన మాట నిచ్చట తలచుకొనవలెను. విభావానుభావములచేతను, సంచారిభావములచేతను స్థాయిభావము పరిపోషము నొందవలెను. ఆ పరిపోషమునకు కాలము పట్టును. రెండు నిమిషములలో పల్లవి పట్టుకొని, మూడవ నిమిషమున మరియొక పాటకు జరిగిపోవు నేటి అలవాటులో, ఉద్రేకము కలుగవచ్చును గాని స్థాయిభావము నిలువదు. పోస్ట్‌రాక్ రచన పది, పదునైదు నిమిషములు తీసికొనుట ఆడంబరము కాదు. ఒక భావమును నాటి, తడిపి, పెంచి, చూపుటకు పట్టు వ్యవధి అది. నాలో ఈ సంగీతము కలిగించిన మార్పు ఇదియే. దీనిని వినుట అలవడిన పిదప, కాంభోజి ఆలాపనకు కూర్చుండునపుడు కీర్తన ఎపుడు వచ్చునని గడియారము చూచుట మానితిని. పరదేశపు గిటారులు నా చెవిని నా ఇంటి వీణకు సిద్ధము చేసినవి.

వీణ అనగానే మన ఆకాశవాణి చరిత్రలోని ఒక మహనీయుని తలచుకొనక తప్పదు. 1922లో ద్రాక్షారామమున జన్మించిన ఈమని శంకరశాస్త్రిగారు మదరాసులో జెమినీ స్టూడియో సంగీతశాఖలో పనిచేసి, చలనచిత్ర సంగీతపు లోతుపాతులు తెలిసికొని, అనంతరము ఆకాశవాణిలో చేరి ఢిల్లీలో జాతీయ వాద్యబృందమునకు రచయితగా, నిర్వాహకులుగా వ్యవహరించిరి. 1953లో టెన్సింగు, హిల్లరీలు ఎవరెస్టు శిఖరమును అధిరోహించిన ఘట్టము ప్రేరణగా వారు వాద్యబృందముకొరకు ‘ఆదర్శ శిఖరారోహణము’ అను రచన చేసిరి. మాట లేదు, గాయకుడు లేడు. వాద్యములే ఎక్కవలెను, అలయవలెను, శిఖరము చేరవలెను. వారి శిష్యులు, కాకినాడలో జన్మించిన చిట్టిబాబుగారు, ‘కొమ్మలో కోయిల’ను వీణపై పలికించి, కథను నాదముతోనే చెప్పు ఆ మార్గమును సామాన్యుల యిండ్లకు చేర్చిరి. ఇళయరాజాగారు 1986లో ‘హౌ టు నేమ్ ఇట్’ అను వాద్యసంగీతపు ఆల్బమును వెలువరించినపుడు, చిత్రములలో ఆర్.ఆర్.కు ప్రాణము పోసిన చేయి చిత్రము లేకయే నిలువగలదని ఋజువయినది. కనుక పదములు లేని, దీర్ఘమైన, కథాత్మకమైన వాద్యరచన మనకు పరాయిది కాదు. మనవారు వేసిన ఆ బాటలో గడ్డి మొలచినది, అంతే.

ఈ సంగీతముపై వచ్చు ఆక్షేపణములలో న్యాయమైనదానిని ఒప్పుకొనవలెను. మెల్లగా మొదలుపెట్టి, పెంచి, పెంచి, చివర ప్రేలునట్లు చేయుట ఒక అచ్చుగా మారి, 2000 తరువాత ఎన్నియో బృందములు ఆ అచ్చులోనే రచనలు పోసినవి. శిఖరము వచ్చునని ముందే తెలిసినపుడు ఎక్కుటలో ఉత్కంఠ యుండదు. మంచి రచనకును అచ్చు రచనకును భేదము తెలిసికొనుటకు నాకు కనబడిన ఉపాయము నొకటి చెప్పెదను. రచనలోని మెత్తని భాగమును విడిగా తీసి వినుడు. గర్జనకై వేచియుండు నిరీక్షణముగా కాక, అది తనంత తానుగా నిలువగలిగినచో రచన నిజమైనది. టాక్ టాక్‌వారి రచనలు ఈ పరీక్షకు చక్కగా నిలుచును. జపాను దేశమున 1999లో ఏర్పడిన మోనో బృందము, సింఫనీ వాద్యములతో కలిసి 2009లో చేసిన ‘హిమ్ టు ది ఇమ్మోర్టల్ విండ్’ కూడ నిలుచును. మన దేశములో అహమ్మదాబాదున ఆరంభమైన యాజ్ వీ కీప్ సెర్చింగ్ బృందము, 2015లో ‘ఖ్వాబ్’, 2017లో ‘జియా’ అను ఆల్బములను వెలువరించి, హిందీ పలుకులను గిటారుల పొగమంచులో కలిపి, ఈ సంగీతము మన గాలిలోను ఊపిరి పీల్చగలదని చూపినది.

తెలుగు శ్రోత ఎచ్చట మొదలుపెట్టవలెనని అడుగువారికి నా సూచన ఇది. మొదట ఎక్స్‌ప్లోజన్స్ ఇన్ ది స్కై వినుడు. రాగము తేటగా నుండుటచేత చెవి సులభముగా పట్టుకొనును. తరువాత సిగుర్ రోస్‌వారి 1999 నాటి ‘ఆగైటిస్ బిర్యూన్’ వినుడు. గాత్రము తోడుగా నుండుటచేత ఒంటరితనము తోచదు. ఆ పిమ్మట గాడ్‌స్పీడ్‌వారి దీర్ఘరచనలకును, చివరగా ‘స్పిరిట్ ఆఫ్ ఈడెన్’కును రండు. పని చేసికొనుచు వినవద్దు. ఆర్.ఆర్. వలె దీనిని మరియొక పనికి నేపథ్యముగా వాడుకొన్నచో, ఏ సేవకత్వమునుండి ఈ సంగీతము విడివడి వచ్చినదో ఆ సేవకత్వములోనికే దానిని మరల నెట్టినట్లగును. ఆల్బమును మొదటినుండి చివరివరకు వరుస తప్పక వినుడు. వెంటనే ఈమనివారి వీణ నొక అరగంట వినుడు. రెండును ఒకే చెవిలో ఇముడుట మీకే తెలియును.

కడపట ఒక విన్నపము. మా వెంగళరావు నగర్‌లోను, కృష్ణానగర్‌లోను, ఆ కొండలపైని స్టూడియోలలోను, గిటారు, కీబోర్డు, వయొలిను, వేణువు, డ్రమ్ములు చేతబట్టి జీవించు సమర్థులైన వాద్యకారులు ఎందరో కలరు. దృశ్యము ఎంత నిడివి యిచ్చిన అంతలోనే పలుకవలసి వచ్చుటచేత, వారి మనసులో పుట్టిన పలుకులు ఎన్నియో పూర్తిగా పలుకకయే ఆగిపోవుచున్నవి. అట్టివారు నలుగురు కలిసి, ఏ చిత్రముకొరకును కాక, తమకొరకే పదునైదు నిమిషముల రచన యొకటి చేయవలెనని నేను కోరుచున్నాను. పరికరములు వారి వద్దనే కలవు, శబ్దమును కొలిచి కలుపు నేర్పు వారి వ్రేళ్ల కొసలలోనే కలదు. ఒకనాడు వాద్యబృందములను పోషించి ఈమనివారి వంటివారికి వేదిక యిచ్చిన ఆకాశవాణి, వారానికి ఒక అరగంటయైనను అట్టి రచనలకు కేటాయించినచో, వినువారు తప్పక కలుగుదురు. మాట కొరకు ఎదురుచూడక నాదమునకే చెవి యొగ్గు శ్రోతను తయారుచేయుట ఒక తరమువారు పూనుకొనవలసిన పని. ఆ పనిని మన యింటిలో, మన చెవితో, నేటి రాత్రియే మొదలుపెట్టవచ్చును.